నీడలో పూచే వసంతం: అడవిపూల తోటల చరిత్ర

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
– చలిదేశాల ఆకురాల్చే అడవుల్లో వసంతకాలపు పూలు చెట్ల కింద ఎట్లా బతుకుతాయో వివరించగలుగుతారు.
– 19, 20 శతాబ్దాల్లో బ్రిటన్, అమెరికాలలో అడవిపూల తోటలు ఏర్పడిన తీరును చర్చించగలుగుతారు.
– ఒక తోట అడవిని కాపాడిందా, కొల్లగొట్టిందా అని తేల్చడానికి ఏ ఆధారాలు చూడాలో చెప్పగలుగుతారు.

6.1 పరిచయం

వసంతం అనగానే మీకు ఏ పూలు గుర్తుకొస్తాయి? మోదుగు, బూరుగు, మామిడి పూత. అన్నీ చెట్ల మీద పూసేవే. మన అడవుల్లో ఫాల్గుణం నాటికి నేల ఎండిపోతుంది. లోతుగా వేళ్లు పాతుకున్న చెట్టుకే అప్పుడు పూసే శక్తి ఉంటుంది. నేలను అంటిపెట్టుకొని ఉండే చిన్న మొక్కలు వానాకాలం కోసం ఎదురుచూస్తాయి.

అమెరికాలోని మిన్నెసోటా, మసాచుసెట్స్ వంటి రాష్ట్రాల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. అక్కడ మంచు కరిగేసరికి నేలంతా తడిగా ఉంటుంది. పెద్ద చెట్లకు ఇంకా ఆకులు రావు. ఆ కొద్ది వారాల్లో నేలమీది చిన్న మొక్కలు గబగబా పూస్తాయి. వీటినే వసంతకాలపు అడవిపూలు అంటారు. ఈ పూలను ఇంటి పెరట్లో, చెట్ల నీడలో పెంచుకోవాలనే కోరిక సుమారు 150 ఏళ్లుగా అక్కడ బలంగా ఉంది.

చరిత్ర పాఠంలో తోటల సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. తోట కూడా ఒక చారిత్రక పత్రమే. ఎవరు నాటారు, ఎవరి నేలలో నాటారు, మొక్క ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగితే అది జవాబు చెబుతుంది. ఈ మూడింటిలో చివరి ప్రశ్న ఈ పాఠానికి ముఖ్యం.

6.2 నీడ మొక్క కాలపట్టిక

ఈ తోటల చరిత్ర అర్థం కావాలంటే ముందు ఆ మొక్కల స్వభావం తెలియాలి. ట్రిలియం అనే మొక్కను ఉదాహరణగా తీసుకోండి. మూడు ఆకులు, మూడు రేకులున్న తెల్లని పువ్వు. కెనడాలోని ఆంటారియో రాష్ట్రం 1937లో దీన్ని తన అధికార పుష్పంగా ఎంచుకుంది.

దీని గింజకు ఒక చలికాలం చాలదు. మొదటి చలికాలం గడిచాక భూమిలోనే చిన్న వేరు పుడుతుంది. రెండో చలికాలం దాటాకే పైకి ఆకు వస్తుంది. ఆ తరువాత ఏటా కొద్ది నెలలపాటు ఆకు తయారుచేసిన ఆహారాన్ని నేలలోని దుంప దాచుకుంటుంది. గింజ పడిన నాటి నుంచి మొదటి పువ్వు వరకు ఏడేళ్లో, అంతకంటే ఎక్కువో పడుతుంది. పువ్వు కోసేటప్పుడు దానితోపాటు మూడు ఆకులూ వస్తే, దుంపకు ఆ ఏడాది తిండి లేనట్లే.

గింజలు వ్యాపించే తీరు కూడా నిదానమే. ట్రిలియం, బ్లడ్‌రూట్ వంటి మొక్కల గింజకు అంచున కొవ్వుతో నిండిన చిన్న కండ ఉంటుంది. చీమలు దానికోసం గింజను పుట్టకు మోసుకుపోయి, కండ తిని, గింజను వదిలేస్తాయి. చీమ ఒక్కసారి మోసే దూరం ఎంత? కొద్ది అడుగులు, మహా అయితే కొద్ది గజాలు. అందుకే ఒకచోట ఈ మొక్కలు పూర్తిగా పోతే, పక్క అడవి నుంచి తిరిగి రావడానికి తరాలు పడుతుంది.

ట్రౌట్ లిలీ, డచ్‌మన్స్ బ్రీచెస్, వర్జీనియా బ్లూబెల్స్ వంటి కొన్ని మొక్కలు ఎండాకాలం వచ్చేసరికి ఆకులతో సహా మాయమవుతాయి. చచ్చిపోయాయనుకొని ఆ చోట తవ్వి, నిద్రిస్తున్న దుంపను పాడుచేసిన కొత్త తోటమాలులు ఎందరో.

ఇవన్నీ తడిపి చూస్తే ఒక్క విషయం తేలుతుంది. పూసిన ట్రిలియం అంటే కనీసం ఏడేళ్ల కాలం. దాన్ని తవ్వి తేవడానికి అయిదు నిమిషాలు చాలు. ఈ తోటల చరిత్ర అంతా ఈ ఏడేళ్లకూ, ఆ అయిదు నిమిషాలకూ మధ్య జరిగిన పోరాటమే.

6.3 బ్రిటన్: ప్రేమతో మొదలై కొల్లగా మారిన కథ

1829లో లండన్ వైద్యుడు నథానియేల్ బాగ్‌షా వార్డ్ ఒక మూసిన గాజు సీసాలో సీతాకోకచిలుక జాతి పురుగు గూడును ఉంచి గమనిస్తున్నాడు. ఆ సీసాలోని తేమ మట్టిలో ఒక ఫెర్న్ మొక్క దానంతటదే మొలిచింది. లండన్ పొగలో బతకని మొక్క మూసిన గాజులో బతకడం ఆయన్ను ఆకర్షించింది. దీని నుంచే వార్డ్ పెట్టె పుట్టింది. 1845లో గాజుమీద పన్ను రద్దయింది. గాజు చౌకయింది. రైళ్లు పట్టణ ప్రజలను అడవులకు చేర్చాయి. నీడలో పెరిగే ఫెర్న్‌లను సేకరించడం ఒక పిచ్చిగా మారింది. 1855లో చార్లెస్ కింగ్స్‌లీ ఈ పిచ్చికి ‘టెరిడోమేనియా’ అని పేరుపెట్టాడు. కిలార్నీ ఫెర్న్ వంటి జాతులు ఈ సేకరణ వల్లనే అరుదైపోయాయి.

ఇంకో ఉదాహరణ చూడండి. లేడీస్ స్లిపర్ అనే పసుపు రంగు చెప్పు ఆకారపు ఆర్కిడ్ ఉత్తర ఇంగ్లండ్ అడవుల్లో పూసేది. తోటల కోసం, సంతల్లో అమ్మకం కోసం జనం దాన్ని తవ్వుకుపోయారు. 1917 నాటికి బ్రిటన్‌లో అది అంతరించిందనే అనుకున్నారు. 1930లో యార్క్‌షైర్‌లో ఒకే ఒక్క మొక్క కనిపించింది. ఆ చోటును దశాబ్దాలపాటు రహస్యంగా ఉంచారు, కాపలా పెట్టారు. 1983 నుంచి క్యూ ఉద్యానవన శాస్త్రవేత్తలు దాని గింజలను ప్రయోగశాలలో మొలిపించే ప్రయత్నం చేశారు. అలా పెంచి అడవిలో నాటిన మొక్క మొదటిసారి పూసింది 2000లో. తవ్వడానికి పట్టిన కాలాన్నీ, తిరిగి తేవడానికి పట్టిన కాలాన్నీ పోల్చి చూసుకోండి.

ఈ కాలంలోనే విలియం రాబిన్సన్ (1838–1935) అనే ఐరిష్ తోటమాలి 1870లో ‘ది వైల్డ్ గార్డెన్’ అనే పుస్తకం ప్రచురించాడు. ఆనాటి ధనిక గృహాల్లో గాజు గదుల్లో పెంచిన రంగురంగుల మొక్కలను ఏటా వరుసల్లో నాటి, కాలం కాగానే పీకేసేవారు. రాబిన్సన్ దీన్ని తీవ్రంగా విమర్శించాడు. చలిని తట్టుకునే మొక్కలను చెట్ల కింద, పొదల అంచున ఒకసారి నాటి వదిలేస్తే అవే బతుకుతాయని ఆయన వాదం.

ఇక్కడ ఒక తేడా గమనించండి. రాబిన్సన్ చెప్పిన ‘వన్య’ తోటలో స్థానిక మొక్కలే ఉండాలన్న నియమం లేదు. ఇతర దేశాల మొక్కలకూ ఆయన చోటిచ్చాడు. ఆయన దృష్టిలో వన్యం అంటే పెంచే పద్ధతి, మొక్క పుట్టిన చోటు కాదు. అమెరికాలో ఆ మాటకు అర్థం మారింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) ట్రిలియం ఒకచోట నశిస్తే తిరిగి రావడం ఎందుకు కష్టం?
(ఆ) రాబిన్సన్ ‘వన్య తోట’ భావన ఏ ధోరణికి వ్యతిరేకంగా వచ్చింది?

6.4 మినియాపొలిస్: ఒక టీచరమ్మ తోట

ఎలోయిస్ బట్లర్ 1851లో మెయిన్ రాష్ట్రంలో పుట్టింది. మినియాపొలిస్ ఉన్నత పాఠశాలల్లో దశాబ్దాలపాటు వృక్షశాస్త్రం బోధించింది. ఆమె కళ్లముందే నగరం పెరిగింది. బురదనేలలను ఎండబెట్టారు, అడవులను ఇళ్ల స్థలాలు చేశారు. పిల్లలను తీసుకెళ్లి మొక్కలు చూపించే చోట్లు ఏటా తగ్గిపోయాయి. 1907లో ఆమె, తోటి ఉపాధ్యాయులు నగర పార్కుల మండలికి అర్జీ పెట్టారు. గ్లెన్‌వుడ్ పార్కులో సుమారు మూడెకరాలను అడవిపూలకు కేటాయించారు. 1911లో బడి నుంచి విరమించి ఆమె ఆ తోటకు సంరక్షకురాలైంది. 1929లో తోటకు ఆమె పేరు పెట్టారు. 1933 ఏప్రిల్‌లో తోట పనికి వెళుతూనే ఆమె కన్నుమూసింది. ఆమె తరువాత మార్తా క్రోన్ పాతికేళ్లు ఆ బాధ్యత మోసింది. ఆ తోట ఇప్పటికీ ఉంది.

ఇంతవరకు కథ ఆదర్శంగానే ఉంది. చరిత్ర విద్యార్థి ఇక్కడితో ఆగకూడదు. బట్లర్ తన తోటలోని మొక్కలను ఎక్కడి నుంచి తెచ్చింది? చాలావాటిని చుట్టుపక్కల అడవుల నుంచి, బురదనేలల నుంచి తవ్వి తెచ్చింది. తూర్పు రాష్ట్రాల నుంచి కూడా తెప్పించింది. ఈ సంగతులు ఆమె స్వయంగా రాసుకున్న తోట దినచర్య పుస్తకాల్లోనే ఉన్నాయి. రేపు నాగలి కిందో, ఇళ్ల కిందో పోయే మొక్కను తవ్వితే అది రక్షణ. నిలిచి ఉండే అడవి నుంచి తవ్వితే అది వేరే సంగతి. పని ఒకటే, పరిస్థితి వేరు. అందుకే తవ్విన తేదీ, చోటు రాసిపెట్టిన ఆ పుస్తకాలకు అంత విలువ.

మరో ప్రశ్న ఉంది. ‘చెయ్యి పడని అడవి’ అని ఆ తరం భావించిన నేల దకోటా ప్రజలది. దక్షిణ మిన్నెసోటాలో వారి భూమిలో చాలాభాగం 1851 ఒప్పందాలతో ప్రభుత్వపరమైంది. బట్లర్ పుట్టిన సంవత్సరం కూడా అదే. 1862 యుద్ధం తరువాత వారిలో ఎక్కువమందిని రాష్ట్రం నుంచే వెళ్లగొట్టారు. అడవి ఖాళీగా లేదు, ఖాళీ చేశారు. అడవిపూల మీద ప్రేమ నిజమైనదే. ఆ ప్రేమ పెరిగిన నేల చరిత్రను కూడా దాని పక్కన పెట్టి చదవాలి.

మిన్నెసోటా రాష్ట్ర పుష్పం గులాబీ తెలుపు కలిసిన లేడీస్ స్లిపర్. 1893లో మొదట ఎంచుకున్న జాతి ఆ రాష్ట్రంలో పెరగదని తరువాత తేలింది. 1902లో సరిదిద్దారు. అడవిలో దీన్ని కోయడాన్ని, పెకలించడాన్ని 1925 చట్టం నిషేధించింది. ఈ ఆర్కిడ్ గింజలో దాచుకున్న ఆహారం ఏమీ ఉండదు. మట్టిలోని ఒక శిలీంధ్రం సాయం లేనిదే అది మొలవదు. అడవి నుంచి తవ్వి పెరట్లో నాటినవి ఎక్కువగా చచ్చిపోవడానికి వేళ్లకు తగిలే దెబ్బతోపాటు ఈ బంధం తెగడమూ కారణమే.

6.5 తవ్వకం నుంచి విత్తనానికి

1900లో బోస్టన్‌లో స్థానిక మొక్కల రక్షణకు ఒక సంఘం ఏర్పడింది. నేడు దాన్ని నేటివ్ ప్లాంట్ ట్రస్ట్ అంటున్నారు. 1931లో విల్ కర్టిస్ అనే తోటల రూపకర్త మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్‌లో 30 ఎకరాల కొండనేల కొని ‘గార్డెన్ ఇన్ ది వుడ్స్’ మొదలుపెట్టాడు. 1965లో ఆ తోట ఈ సంఘానికి చేరింది. ఇటువంటి చోట్ల అడవిపూలను గింజ నుంచి పెంచే పద్ధతులను ఓపికగా నేర్చుకున్నారు. బ్లడ్‌రూట్ గింజను ఎండబెడితే మొలవదు, కాయ పగలగానే తడి ఆరకముందే విత్తాలి. ట్రిలియం మడిలో మొదటి ఏడు ఏమీ కనిపించకపోయినా దాన్ని తిరగదోయకూడదు. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. ఏడేళ్లను అయిదు నిమిషాలతో పోటీపడేలా చేసిన జ్ఞానం ఇదే.

అయినా పోటీ సమానం కాలేదు. తవ్వి అమ్మేవాడికి ఏడేళ్ల ఖర్చు లేదు. ఇక్కడ నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట మినియాపొలిస్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. పెరట్లో పెద్ద ఓక్ చెట్లు, గడ్డి సరిగా పెరగని నీడ. అక్కడ వేద్దామని ఒక దుకాణంలో పూసిన ట్రిలియంలు మూడు చౌకగా కొన్నాం. కుండీ మీద చీటీలో ‘నర్సరీలో పెరిగినది’ అని ఉంది. ఇంటికి తెచ్చి కుండీ బోర్లిస్తే, దుంప చుట్టూ నల్లటి అడవి మట్టి, తెగిన చెట్ల వేళ్లు, నలిగిన మరో మొక్క మొదలు కనిపించాయి. మూడింటిలో రెండు మరుసటి వసంతంలో రాలేదు.

నలభై ఏళ్లు ఆధారాల పరిశీలన గురించి పాఠాలు చెప్పిన నేను ఒక చీటీని చదవలేకపోయాను. ‘నర్సరీలో పెరిగినది’ అనే మాట అబద్ధం కాకపోవచ్చు. అడవి నుంచి తెచ్చి ఒక్క ఏడాది కుండీలో ఉంచినా ఆ మాట చెల్లుతుంది. ‘నర్సరీలో గింజ నుంచి పుట్టించినది’ అన్నది వేరే మాట. శాసనంలో ‘దానం చేసెను’ అని ఉంటే, ఆ భూమి అంతకుముందు ఎవరిది అని మీరు అడుగుతారు కదా. చీటీని కూడా అట్లాగే అడగాలి. ఏడేళ్లు పట్టే మొక్క అంత చౌకగా ఎట్లా వచ్చింది? ధర కూడా ఒక ఆధారమే.

6.6 నీడ తోట వేసే పద్ధతి

ఇప్పుడు ఈ తోటలు పెంచేవారు సాధారణంగా పాటించే పద్ధతిని చూద్దాం. ఇందులోని ప్రతి నియమమూ పై చరిత్రలో నేర్చుకున్నదే.

మొదటిది, చెట్టు ఎంపిక. వసంతంలో ఎండ తగిలి, ఎండాకాలంలో నీడ పడాలి. కాబట్టి ఆకురాల్చే చెట్ల కిందే నాటాలి. ఏడాదంతా ఆకులుండే చెట్ల చిక్కటి నీడ ఈ పూలకు పనికిరాదు.

రెండవది, నేల. రాలిన ఆకులను ఊడ్చి పారేయకూడదు. అవి కుళ్లి ఏర్పడే మెత్తని పొరే ఈ మొక్కల ఇల్లు. చెట్టు వేళ్లు తెగేలా లోతుగా తవ్వకూడదు.

మూడవది, జతకూర్పు. ఎండాకాలంలో మాయమయ్యే మొక్కల పక్కన ఫెర్న్‌లు నాటితే ఖాళీ కనిపించదు, పొరపాటున తవ్వే ప్రమాదమూ తప్పుతుంది.

నాలుగవది మీకు వింతగా అనిపిస్తుంది. వానపాము రైతు నేస్తమని మనం చిన్నప్పటి నుంచీ విన్నాం. మిన్నెసోటాలో మంచుయుగపు హిమానీనదాలు కప్పిన నేలల్లో ఆ తరువాత స్థానిక వానపాములే లేవు. అక్కడి అడవి వానపాములు లేకుండానే వేల ఏళ్లు రూపుదిద్దుకుంది. యూరప్ నుంచి వలస వచ్చినవారి మొక్కల మట్టితో, తరువాత చేపలు పట్టేవారి ఎరలతో వానపాములు అడవికి చేరాయి. అవి ఆకుల పొరను వేగంగా తినేస్తే, ఆ పొరలో మొలిచే అడవిపూలు నిలవలేకపోతున్నాయి. అందుకే ఎక్కడి మట్టినైనా తెచ్చి అడవి అంచున పోయవద్దని అక్కడ హెచ్చరిస్తారు. ఒకచోట మేలు చేసేది ఇంకోచోట కీడు చేయవచ్చు. స్థలం మరిచి చెప్పే సూత్రాలను చరిత్రలోనూ నమ్మకూడదు.

6.7 మన అడవుల వైపు ఒక చూపు

మిన్నెసోటా పూలు మన పెరట్లో పెరగవు. వాటికి గడ్డకట్టే చలికాలం కావాలి. కానీ ‘ఈ మొక్క ఎక్కడిది’ అన్న ప్రశ్న మనకూ వర్తిస్తుంది. శేషాచలం కొండల్లో పేరిత అనే చిన్న సైకాస్ జాతి మొక్క ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ పేరుమీద శాస్త్రవేత్తలు దానికి సైకాస్ బెడ్డోమై అని పేరుపెట్టారు. ఇందులో మగ మొక్కలు, ఆడ మొక్కలు వేరు. మందు కోసం మగ శంకువులను కోసుకుపోతే ఆడ మొక్కకు పుప్పొడి అందదు, గింజ కట్టదు. నరికిన ఆనవాలు కనిపించకుండానే తరువాతి తరం ఆగిపోతుంది. అంతరించే జాతుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం, అంటే సైటీస్, దీన్ని అత్యంత కఠినమైన మొదటి జాబితాలో చేర్చింది. మీ ఊరి సంతలో అడవి దుంపో, మొక్కో అమ్ముతుంటే అమ్మేవారిని అనుమానంతో కాక ఆసక్తితో అడగండి. ఎక్కడిది, ఎవరు తెచ్చారు, తెచ్చిన చోట ఇంకా మిగిలాయా అని. ఆ జవాబులను తేదీతో సహా రాసిపెట్టండి. బట్లర్ చేసింది కూడా అదే.

6.8 సారాంశం

వసంతకాలపు అడవిపూల మొక్కలు నిదానంగా పెరిగి, నిదానంగా వ్యాపిస్తాయి. వాటిని తవ్వడం సులభం, పుట్టించడం కష్టం. 19వ శతాబ్దపు బ్రిటన్‌లో తోటల మోజు కొన్ని జాతులను అంతరించే అంచుకు తెచ్చింది. రాబిన్సన్ వన్య తోటకు రూపమిచ్చాడు. బట్లర్ తరిగిపోతున్న మొక్కలకు నగరంలో చోటు సంపాదించింది. 20వ శతాబ్దంలో గింజ నుంచి పెంచే జ్ఞానం పెరగడంతో అడవిని తవ్వకుండానే నీడ తోట వేసుకునే దారి ఏర్పడింది. ఆ దారిలో నడిచామా లేదా అన్నది తోట అందం చెప్పదు, మొక్క వచ్చిన చోటే చెబుతుంది.

మా అమ్మాయి పెరట్లో మిగిలిన ఆ ఒక్క ట్రిలియం ఇప్పటికీ ఏటా పూస్తోంది. దాని పక్కనే గింజలతో ఒక చిన్న మడి వేసింది. మొదటి ఏడాది ఏమీ రాలేదని ఫోన్ చేసింది. తిరగదోయవద్దమ్మా, ఆగు అన్నాను. రెండో వసంతంలో ఒక్కొక్క ఆకుతో మొలకలు వచ్చాయి. పువ్వుకు ఇంకా సమయం ఉంది.

6.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బ్రిటన్, అమెరికాలలో ‘వన్య తోట’ భావన మారిన క్రమాన్ని వివరించండి.
2. ఎలోయిస్ బట్లర్ కృషిని ఆనాటి సామాజిక, చారిత్రక నేపథ్యంలో అంచనా వేయండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ‘నర్సరీలో పెరిగినది’, ‘నర్సరీలో గింజ నుంచి పుట్టించినది’ అనే మాటల మధ్య తేడాను చారిత్రక ఆధారాల పరిశీలనతో పోల్చి రాయండి.
2. మీ ప్రాంతంలో అడవి నుంచి సంతకు వచ్చే ఒక మొక్కను ఎంచుకొని, దాని ప్రయాణాన్ని తెలుసుకొని రాయండి.